జిమ్ సభ్యత్వం మీరే కొనుక్కోగలరు

ప్రశ్న: నా వయసు 36. ఒక మధ్యస్థాయి కంపెనీలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మావారిది సొంత వ్యాపారం. ఒక నెల వచ్చినంత ఆదాయం మరో నెల రాదు. ఇద్దరు పిల్లలు. అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకు మధుమేహం ఉంది. ఈ ఏడాది జీతాలు పెద్దగా పెంచలేమని చెప్పిన యాజమాన్యం, దానికి బదులు కొత్త సౌకర్యాలు ఇస్తామంటూ పదహారు అంశాల జాబితా పంపి, మూడింటిని ఎంచుకోమంది. సహోద్యోగుల్లో ఎక్కువమంది జిమ్, ఉచిత భోజనం, పుట్టినరోజు సెలవు అంటున్నారు. ఆరోగ్య బీమా ఎలాగూ ఉంది కాబట్టి నేనూ వాటికే టిక్ పెడదామనుకుంటున్నాను. ఆర్థికంగా చూస్తే వేటిని ఎంచుకోవాలి?

జవాబు: టిక్ పెట్టడం రెండు రోజులు ఆపండి. కంపెనీ ఇచ్చే సౌకర్యం ఏదైనా మీ జీతంలో భాగమే. కాకపోతే దాన్ని దేనిమీద ఖర్చు పెట్టాలో మీ తరఫున వాళ్లే తేల్చేశారు. అందుకే జాబితాలోని ప్రతి అంశం దగ్గరా ఆగి ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇదే డబ్బు నా చేతికిస్తే, ఇంచుమించు ఇదే ధరకు బయట కొనుక్కోగలనా? కొనుక్కోగలిగితే దాని విలువ ఆ ధరకు మించదు, చాలాసార్లు అంతకూ తక్కువే. ఇప్పటికే సొంత డబ్బు కట్టి వారానికి నాలుగు రోజులు జిమ్‌కు వెళ్తున్నవారికి ఆ సభ్యత్వం నిజమైన ఆదా. మిగతావారికి మొదటి నెల ఉత్సాహం, ఆ తర్వాత పర్సులో మరో కార్డు. ఉచిత భోజనం కాస్త నయం. ఎలాగూ తినేదే కాబట్టి ఆ ఖర్చు మిగులుతుంది. పుట్టినరోజు సెలవంటే ఒక రోజు జీతం, ఏడాది మొత్తంలో అర శాతం కూడా కాదు.

బయట కొనలేనివి, కొన్నా చాలా ఖరీదు పడేవి వేరే ఉన్నాయి. మీ అత్తగారి పేరిట విడిగా ఆరోగ్య బీమా కోసం దరఖాస్తు చేసి చూడండి. వయసు అడుగుతారు, రక్తపరీక్షలు చేయిస్తారు. ఆ తర్వాత ప్రీమియం పెంచడమో, అప్పటికే ఉన్న జబ్బుకు కొన్నేళ్ల దాకా పరిహారం ఇవ్వమనడమో, అసలు పాలసీయే కుదరదనడమో జరుగుతుంది. గ్రూపు బీమాలో లెక్క వేరు. పాతికేళ్ల ఆరోగ్యవంతులు కూడా అదే గుంపులో ఉంటారు కాబట్టి ఒక్కొక్కరి జబ్బుల చిట్టా విప్పకుండానే బీమా సంస్థ అందరినీ కలిపి ధర కడుతుంది. కాబట్టి జాబితాలో ‘తల్లిదండ్రులను, అత్తమామలను బీమాలో చేర్చే వీలు’ ఉంటే మీ మొదటి టిక్ దానికే. వారి ప్రీమియం పూర్తిగా మీరే కట్టుకోవాలన్నా సరే, ఒప్పుకోండి.

‘ఆరోగ్య బీమా ఎలాగూ ఉంది’ అన్నారు. ఆ పాలసీ పత్రం ఒకసారి తెప్పించుకుని చదవండి. బీమా మొత్తం ఒక్కొక్కరికా, ఇంటిల్లిపాదికీ కలిపా? గది అద్దెకు పరిమితి ఉందా? బిల్లులో కొంత శాతం మీరు భరించాలన్న షరతు ఉందా? చివరి పేజీల్లో మరో వాక్యం కూడా కనిపించవచ్చు: మీ చివరి పనిదినంతో బీమా ముగుస్తుంది. ఉద్యోగానికీ ఆరోగ్య బీమాకూ ఈ ముడి అమెరికాలో గట్టిపడిన తీరు చిత్రంగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, అక్కడి ప్రభుత్వం జీతాల పెంపుపై పరిమితి విధించింది కానీ బీమా వంటి సౌకర్యాలను మినహాయించింది. పనివాళ్లు దొరక్క ఇబ్బంది పడుతున్న కంపెనీలు జీతం పెంచలేక బీమాను ఎర వేశాయి. ఇప్పుడు మీ యాజమాన్యం చేస్తున్నదీ దాదాపు అదే. ఆ ముడి వల్ల, ఉద్యోగం పోయిన రోజే బీమా కూడా పోతుంది. అందుకే మీరు ఆరోగ్యంగా ఉన్నప్పుడే మీకూ మీవారికీ పిల్లలకూ సొంతంగా ఒక చిన్న పాలసీ తీసుకుని ఉంచుకోండి. అది కంపెనీతో నిమిత్తం లేకుండా కొనసాగుతుంది.

మీ రెండో టిక్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి జాబితాల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆదాయ రక్షణ బీమా, లేదా దీర్ఘకాల వైకల్య బీమా అన్న పేరుతో ఉంటుంది. జబ్బు చేస్తే ఆసుపత్రి బిల్లు ఆరోగ్య బీమా కడుతుంది. మరి మీరు ఎనిమిది నెలలు మంచం దిగలేకపోతే ఆ ఎనిమిది నెలల ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, అప్పుల వాయిదాలు ఎవరు కడతారు? మీ ఇంట్లో నెలనెలా కచ్చితంగా వచ్చేది మీ జీతం ఒక్కటే. మీవారి వ్యాపారంలో మంచి నెలా చెడ్డ నెలా ఒకదానికొకటి సర్దుకుంటున్నాయంటే, మధ్యలో మీ జీతం నిలబడి ఉండబట్టే. జీవిత బీమా గురించి అందరూ ఆలోచిస్తారు కానీ, పనిచేసే వయసులో మరణం కన్నా నెలల తరబడి పనికి దూరం కావడమే ఎక్కువగా జరుగుతుంది. ఈ పాలసీ ఆ కాలంలో సాధారణంగా జీతంలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా చెల్లిస్తుంది. విడిగా కొనాలంటే ఖరీదు ఎక్కువ, కొన్నిచోట్ల దొరకదు కూడా.

దీన్ని ఎంచుకునే ముందు హెచ్‌ఆర్ విభాగాన్ని రెండు విషయాలు అడగండి. ఒకటి, చెల్లింపు ఎన్నో రోజు నుంచి మొదలవుతుంది? 90 రోజులు వేచి ఉండాలన్న షరతు మామూలే. అలాగైతే మూడు నెలల ఇంటి ఖర్చు మీ బ్యాంకు ఖాతాలో సిద్ధంగా ఉండాలి. రెండోది ఇంకా ముఖ్యం: ‘పనిచేయలేని స్థితి’ని పాలసీలో ఎలా నిర్వచించారు? ‘ప్రస్తుతం చేస్తున్న వృత్తి చేయలేకపోతే’ అని ఉంటే మీకు మేలు. ‘ఏ పనీ చేయలేకపోతే’ అని ఉంటే జాగ్రత్త. చూపు దెబ్బతిని రోజంతా కంప్యూటర్ తెర మీద అంకెలు చూడలేని అకౌంటెంటుకు మొదటి షరతు ప్రకారం డబ్బు వస్తుంది. రెండో షరతు ప్రకారం, ఫోనులో జవాబులు చెప్పే పని చేయగలరు కదా అని తిరస్కరించే వీలుంది. కొన్ని పాలసీలు మొదటి రెండేళ్లు ఒక షరతు, ఆ తర్వాత మరో షరతు పెడతాయి. అదీ అడగండి.

మూడో టిక్ పదవీ విరమణ నిధికి కంపెనీ జమచేసే అదనపు వాటాకు. మీ నెల జీతం 100 అనుకుందాం. మీరు 5 వేస్తే కంపెనీ మరో 5 వేస్తుంది. షేరు మార్కెట్ సంగతి తర్వాత, జమ అయిన రోజే మీ డబ్బు రెట్టింపు. కంపెనీ వేసే ఆ 5 మాత్రమే లెక్కవేస్తే, 25 ఏళ్లపాటు ఏడాదికి 7 శాతం చొప్పున పెరిగితే దాదాపు 4,050 అవుతుంది. అంటే మీ నలభై నెలల జీతం. ఇందులో కంపెనీ వేసింది 1,500 మాత్రమే, మిగతాదంతా చక్రవడ్డీ. మీ జీతం ఒక్కసారి కూడా పెరగదనుకుని వేసిన లెక్క ఇది. అయితే ఎన్నేళ్లు పనిచేస్తే ఆ వాటా పూర్తిగా మీదవుతుందో కనుక్కోండి; ముందే మానేస్తే వెనక్కి తీసుకునే కంపెనీలున్నాయి.

దీనికి తోడుగా కంపెనీకి పెద్దగా ఖర్చు లేని మరో ఏర్పాటు అడగవచ్చు. జీతం పెరిగిన ప్రతిసారీ ఆ పెంపులో కొంత దానంతటదే పొదుపులోకి మళ్లేలా ముందే సంతకం తీసుకోవడం. రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్జీ అనే ఆర్థికవేత్తలు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ పద్ధతికి ఒప్పుకున్న ఉద్యోగుల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. చేతికి రాని డబ్బు ఖర్చు కాదు, అంతే.

జాబితాలో కంపెనీ షేర్లు ఉంటే మోజు పడకండి. వద్దనడం లేదు, తక్కువ ధరకు ఇచ్చి వెంటనే అమ్ముకునే వీలుంటే అది మంచి సౌకర్యమే. కూడబెట్టడమే చిక్కు. అమెరికాలో ఎన్‌రాన్ కంపెనీ ఉద్యోగుల పదవీ విరమణ ఖాతాల్లో సగానికి పైగా సొమ్ము ఆ కంపెనీ షేర్లలోనే ఉండేది. 2000 ఆగస్టులో 90 డాలర్ల దాకా వెళ్లిన షేరు, 2001 డిసెంబరులో దివాలా తీసే నాటికి ఒక డాలరు కూడా పలకలేదు. ఉద్యోగం పోయింది, దాచుకున్నదీ పోయింది. గోరుచుట్టుపై రోకటి పోటంటే అదే. జీతం ఎక్కడినుంచి వస్తుందో అక్కడే పొదుపు కూడా పెట్టకండి; ఆ షేర్లు మీ పొదుపులో పదో వంతు దాటితే, దాటినంత మేరకు అమ్మేయండి.

‘అపరిమిత సెలవులు’ అన్న అంశం ఉంటే దానికీ దూరంగా ఉండమంటాను. వినడానికి బాగుంటుంది. కానీ లెక్కగా ఇరవై సెలవులుంటే, వాడుకోని వాటికి చాలాచోట్ల ఉద్యోగం మానేటప్పుడు డబ్బు చేతికొస్తుంది. పరిమితే లేనప్పుడు మిగిలినవి ఎన్ని అన్న ప్రశ్నే ఉండదు, కంపెనీ పుస్తకాల్లో ఆ బాకీ కూడా మాయమవుతుంది. పైగా ఎన్ని తీసుకుంటే పై అధికారి ముఖం ముడుచుకుంటారో తెలియక జనం ఉన్నవీ వాడుకోరు.

నాలుగో టిక్‌కు చోటుంటే ఇంటినుంచి పనిచేసే రోజులు అడగమనేవాణ్ని. రానూపోనూ రెండు గంటలు ప్రయాణం అనుకుంటే, వారానికి రెండు రోజులు తప్పినా 48 వారాల్లో 192 గంటలు మిగులుతాయి. ఎనిమిదేసి గంటల చొప్పున 24 పనిదినాలు! ప్రయాణ ఖర్చు అదనం. బయట ఏ ధరకూ దొరకని వస్తువు ఇది. అయినా దీన్ని మొదటి మూడింటిలో పెట్టకపోవడానికి కారణం ఉంది: జాబితాలో లేకపోయినా మీ పై అధికారితో మాట్లాడి విడిగా సాధించుకునే అవకాశం ఉంటుంది. గ్రూపు పాలసీని అలా ఒక్కరి కోసం మార్చరు.

ఫారం నింపే ముందు మరో పని. ఏ సౌకర్యంపై పన్ను పడుతుందో, ఏది మినహాయింపులో ఉందో మీ అకౌంట్స్ విభాగంలోనే తెలుసుకోవచ్చు. పన్ను పోగా మిగిలేదాన్నే పోల్చండి. నేను చెప్పిన మూడింటిలో ఏదైనా జాబితాలో లేకపోతే ‘ఇతర సూచనలు’ గడిలో రాయండి. ఇంట్లో పెద్దవాళ్లున్న ఉద్యోగి మీరొక్కరే అయి ఉండరు. నలుగురైదుగురు కలిసి అదే మాట రాస్తే యాజమాన్యం బీమా సంస్థను ధర అడిగి చూస్తుంది. ఒప్పుకున్నారని తెలిశాక ఆలస్యం చేయకండి. కుటుంబసభ్యుల పేర్లు చేర్చడానికి సాధారణంగా ఏడాదికి ఒకసారి కొద్దిరోజులే గడువిస్తారు. అది దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. అత్తగారి వయసు ధ్రువపత్రం ఇప్పుడే వెతికి పెట్టుకోండి. అందులోని పేరూ మిగతా గుర్తింపు కార్డుల్లోని పేరూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుని, తేడా ఉంటే ఈ వారమే సవరణకు పెట్టండి.