నాయనమ్మ పోయాక మా వాడు చర్చికి రావడం మానేశాడు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మూడు తరాలుగా క్రైస్తవులం. మా మామగారు సంఘ పెద్దగా చేశారు. మా అబ్బాయికి పదహారేళ్ళు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. సండే స్కూల్లో అన్నిటికీ వాడే ముందుండేవాడు, కంఠత వాక్యాలకి ఏటా ప్రైజు తెచ్చుకునేవాడు. టెన్త్ వరకూ క్వయర్‌కి కీబోర్డ్ వాయించాడు. నిరుడు మా అత్తగారు క్యాన్సర్‌తో పోయారు. తరువాత ఒక యూత్ మీటింగ్‌లో వీడు ‘అంతమంది ఉపవాసం ఉండి ప్రార్థన చేశారు కదా, దేవుడు ఎందుకు వినలేదు’ అని అడిగాడట. అది సైతాను అడిగించే ప్రశ్న అని ఒక పెద్దాయన అందరి ముందూ కోప్పడ్డారట. ఇప్పుడు ఆదివారం వస్తే ముసుగు తీయడు. ‘అక్కడంతా నటన’ అంటాడు. వాళ్ళ నాన్న ఫోన్ లాక్కున్నారు, చర్చికి రాకపోతే ఇంట్లో అన్నం లేదంటున్నారు. సంఘంలో అందరూ అడుగుతుంటే తలెత్తుకోలేకపోతున్నాను. పదమూడేళ్ళ పాప కూడా అన్నను చూసి ‘నేనూ రాను’ అంటోంది. పిల్లల విశ్వాసం నిలవాలంటే మేమేం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అత్తగారు పోయిన సంగతి ఒక్క ముక్కలో రాసి ముందుకు వెళ్ళిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. వాడు చర్చి మానేసిందీ, ముసుగు తన్నిందీ, అంతా నటన అంటున్నదీ ఆ తరువాతే. వాడు దేవుణ్ణి వదిలేశాడని మీ భయం. నాకైతే నాయనమ్మ కోసం ఇంకా దుఃఖం తీరని పిల్లవాడు కనిపిస్తున్నాడు. దేవుడు లేడని తేల్చుకున్నవాడు, దేవుడు ఎందుకు వినలేదని పదిమందిలో లేచి అడగడు.

అలా అడిగినందుకు వాడికేం దొరికింది? మీటింగ్‌లో చీవాట్లు. ఇంట్లో ఫోన్ పోయింది, అన్నం మీద బెదిరింపు వచ్చింది. పక్కన కూర్చుని ‘నాకూ అదే బాధరా’ అన్నవాళ్ళు ఒక్కరూ ఉన్నట్టు మీ ఉత్తరంలో కనపడలేదు.

యోహాను సువార్త 11వ అధ్యాయం తీయండి. లాజరును సమాధిలో పెట్టిన నాలుగు రోజులకు యేసు వచ్చాడు. మార్త ఎదురువెళ్ళి, నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదు అని మొహం మీదే అనేసింది. మరియ కూడా అదే మాట అంది. మీవాడు అడిగినదానికీ దీనికీ తేడా ఏముంది? ఆయన ఆ అక్కచెల్లెళ్ళను గద్దించలేదు. వాళ్ళ ఏడుపు చూసి తానూ ఏడ్చాడు. ఇక 13వ కీర్తన మొదలవడమే, ఎన్నాళ్ళు నన్ను మరచిపోతావు అన్న మొరతో మొదలవుతుంది. ఇవన్నీ మన బైబిల్లో ఉండగా, ఆ ప్రశ్నను సైతానుకు అంటగట్టడం చాలా పెద్ద తప్పు. ఇది కటువుగానే అంటున్నాను.

పిల్లల పెంపకం అనగానే మనవాళ్ళు ద్వితీయోపదేశకాండము 6:7 చెబుతారు. ఇంట్లో కూర్చున్నా, దారిలో నడుస్తున్నా, పడుకునేటప్పుడూ లేచేటప్పుడూ పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమని. అదే అధ్యాయం 20వ వచనం దాకా చదవండి. ముందు ముందు నీ కొడుకు ఈ ఆజ్ఞలకు అర్థమేమిటని అడుగుతాడు అని ఉంటుంది. అడిగితే తిట్టమని లేదు. మనం ఐగుప్తులో ఫరోకు దాసులం, దేవుడు మనల్ని బయటికి తెచ్చాడు అని ఇంటి కథ చెప్పమని ఉంది. మీ ఇంటి కథ మీవాడికి తెలుసా? నాయనమ్మ ఏ కష్టంలో ఏమని ప్రార్థించేది, మందుల బాధలో రాత్రిళ్ళు ఏ కీర్తన పాడుకునేది, ఆవిడ పోయిన రోజు మీరు దేవునితో ఏమన్నారు? కంఠత వాక్యాలకు ప్రైజులు తెచ్చుకున్న పిల్లవాడికి ఇది ఎవరూ చెప్పి ఉండరు. మీ దగ్గర జవాబు లేకపోతే ‘ఎందుకో నాకూ తెలియదు నాన్నా, అయినా ప్రార్థన మానలేకపోతున్నాను’ అనండి. మీరు అలా నిజం చెబితే వాడి నమ్మకం పోతుందేమోనని భయం వద్దు.

మీవారి గురించి ఒక మాట. పోయినావిడ ఆయనకు కన్నతల్లి. ఆయన దుఃఖం ఏమైందో మీరు రాయలేదు. కొడుకు మీద చూపిస్తున్న కోపంలో సగం అదేనేమోనని నా అనుమానం. తండ్రులు పిల్లలకు కోపం పుట్టించి వాళ్ళ మనసు కుంగదీయవద్దని కొలస్సయులకు రాసిన పత్రిక 3:21 చెబుతుంది. అన్నం సంగతి ఆయనే వెనక్కి తీసుకోవాలి, ‘ఆ మాట అనకుండా ఉండాల్సింది’ అని నోటితో చెప్పాలి. ఫోన్ ఇచ్చేయండి. తరువాత తండ్రీకొడుకులిద్దరూ కలిసి సమాధుల తోటకు వెళ్ళి రానివ్వండి. ప్రసంగాలేమీ అక్కర్లేదు.

కుటుంబ ప్రార్థన మీ ఇంట్లో ఎలా జరుగుతుందో నాకు తెలియదు. చాలా ఇళ్ళలో చూసేది చెబుతాను. రాత్రి తొమ్మిదిన్నరకు అందరూ అలసిపోయాక మొదలవుతుంది. కాలేజీ నుంచి వచ్చి, ఇంకా హోంవర్క్ మిగిలి ఉన్న పిల్లవాడు గోడకు చేరగిలబడి నిద్రకు తూగుతుంటాడు. అప్పుడు వస్తుంది, ‘ప్రభువా, ఈ బిడ్డ మొండి మనసు మార్చు’ అని. కళ్ళు మూసుకుని ఉన్నా ఆ మాట ఎవరికో వాడికి తెలుసు. వాడు వింటుండగా దేవునికి వాడి మీద ఫిర్యాదు చేయకండి. పది నిమిషాలు చాలు. ఒక చిన్న భాగం చదివి, మీ సొంత భయాలు, మీ సొంత తప్పులు ప్రార్థనలో చెప్పండి. వాడు కూర్చుంటే చాలు, నోరు తెరవకపోయినా పర్వాలేదు.

అమెరికాలో క్రిస్టియన్ స్మిత్ అనే సమాజ శాస్త్రవేత్త నాయకత్వంలోని బృందం 2002-03లో మూడువేల మందికి పైగా టీనేజర్లను ప్రశ్నించి, తరువాత కూడా ఏళ్ళ తరబడి గమనించింది. పిల్లల విశ్వాసం మీద అందరికన్నా ఎక్కువ ప్రభావం తల్లిదండ్రులదేనని వాళ్ళు తేల్చారు. అందుకే ‘నటన’ అన్న మాటను కొట్టిపారేయకండి. ఏది చూసి అలా అనిపించిందో నెమ్మదిగా అడగండి. ఆదివారం ఆరాధన నుంచి వచ్చి భోజనాల దగ్గర సంఘస్థుల మీద చెప్పుకునే చాడీలు కావచ్చు. వాడు చెప్పింది నిజమైతే ఒప్పుకోండి.

సంఘం సంగతికొస్తే, పాస్టర్ గారిని మీరొక్కరే కలిసి జరిగింది చెప్పండి. కోప్పడిన పెద్దాయన స్వయంగా వచ్చి వాడితో మాట్లాడితే ఎంతో మంచిది. ఆయన రాకపోతే పాస్టర్ గారైనా వాడిని విడిగా కలిసి ప్రశ్న మొత్తం వినాలి. యూత్ మీటింగ్ అంటే ఆటలు, పాటలు, క్రిస్మస్ డ్రామా రిహార్సల్స్‌తో సరిపెడుతున్న సంఘాలు చాలా ఉన్నాయి. ఈ వయసువాళ్ళు నిలవాలంటే పెద్దవాళ్ళ మధ్య నిజమైన పని ఇవ్వాలి. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను చూడడానికి వెళ్ళేటప్పుడు తోడు తీసుకెళ్ళవచ్చు. నాయనమ్మను అంతకాలం చూసిన పిల్లవాడికి రోగి దగ్గర ఎలా కూర్చోవాలో మనకన్నా బాగా తెలుస్తుంది. తల్లిదండ్రులు కాని ఒక పెద్ద మనిషి, వాడు నమ్మే సండే స్కూల్ టీచరో క్వయర్ అన్నయ్యో, అప్పుడప్పుడూ ఫోన్ చేసి బాగోగులు అడుగుతుండాలి. ఎందుకు రావట్లేదని మాత్రం అడగకూడదు.

రెండు మూడు నెలలు ఆదివారం బలవంతం ఆపండి. మీరు మాత్రం మానకండి. సంఘంలో ఎవరైనా అడిగితే ‘నాయనమ్మ పోయిన బాధలో ఉన్నాడు, ఒకసారి పలకరించండి’ అనండి. తల దించుకోవలసిందేమీ లేదమ్మా. పాపకు మాత్రం అన్నకిచ్చిన సడలింపు వర్తించదు. ఎందుకో అడిగితే దాచకుండా చెప్పండి, అర్థం చేసుకునే వయసే.

ఒక జాగ్రత్త. తిండి, నిద్ర తగ్గినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, బతకడం ఎందుకన్న మాట ఒక్కసారి నోట వచ్చినా, దాన్ని విశ్వాసం తగ్గడంగా తీసుకోకుండా వెంటనే మానసిక వైద్యులకు చూపించండి. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవారికి ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థనా చేయండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళండి.

ఈ జవాబు మీవారి చేత చదివించండి. ఆయనకు ఏదైనా ఒప్పుదల కాకపోతే ఆయన్నే రాయమనండి.