తీగ పచ్చగా ఉంది, గుత్తులే లేవు

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా బిలోలి తాలూకా. ఎకరంలో థాంప్సన్ సీడ్‌లెస్ ద్రాక్ష ఉంది. అక్టోబరు కత్తిరింపు తర్వాత చిగురు బాగా వచ్చింది కానీ గుత్తులు చాలా తక్కువ. షాపువాళ్లు ఇచ్చిన టానిక్‌లన్నీ కొట్టాను. ఈ సాగు ఎక్కడ నేర్చుకోవాలి?
– ఒక రైతు

జవాబు: ఈ సీజన్‌కి ఇక ఏ టానిక్కూ గుత్తులు తెప్పించలేదండీ, ఆ ఖర్చు ఆపేయండి. అక్టోబరులో బయటికొచ్చే గుత్తి, ఏప్రిల్ కత్తిరింపు తర్వాత సుమారు 40 నుంచి 60 రోజుల మధ్యే మొగ్గలో రూపుకడుతుంది. ఆ రోజుల్లో కొమ్మలు ఒకదానిమీద ఒకటి పడి నీడ కమ్మినా, యూరియా, నీరు ఎక్కువైనా, మొగ్గలో గుత్తికి బదులు నులితీగే తయారవుతుంది. కత్తిరింపు మే దాకా జరిపితే మరీ ఇబ్బంది. మొగ్గకు ఎండ కావలసినప్పుడే తొలకరి మబ్బులు పడతాయి. మీరు ఏప్రిల్‌లో ఏ తారీఖున కత్తిరించారో, ఎంత నత్రజని వేశారో రాయలేదు. నా అనుమానమంతా అక్కడే.

మందుల గురించి అడిగే రైతులు చాలామంది. మొగ్గ గురించి అడిగేవాళ్లు తక్కువ, నాకు బాధ కలిగించేది అదే. అందుకే శిక్షణకు అక్టోబరులో కాదు, ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. మీ తాలూకాలోనే సగ్రోళిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ముందు అక్కడ అడగండి. పుణె దగ్గర మాంజరిలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం కూడా శిక్షణలు ఇస్తుంది. పాఠం ఎక్కువగా మరాఠీలోనే సాగుతుంది. మీకది అలవాటే అయినా, తోటలో రోజూ పనిచేసేవాళ్లను వెంట తీసుకెళ్లండి. అనవసరపు చిగుళ్లు తీయడం, తల తుంచడం కళ్లతో చూస్తేనే చేతికి వస్తాయి. ఏప్రిల్ కత్తిరింపైన 45 రోజులకు అయిదో ఆకు తొడిమల్ని పరీక్షకు పంపడం, ఫలితం చూసి ఎరువు వేయడం కూడా అడిగి నేర్చుకోండి.

ప్రస్తుతం ఉన్న ఆకును బూజు తెగులు నుంచి కాపాడండి. మంచు, వాన వస్తాయనుకున్నప్పుడు ముందుగానే మందు కొట్టాలి. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో లేబుల్ మీద చూసుకోండి. అవశేషాలు మిగిలితే ఎగుమతిదారు కొనడు, తినేవాళ్లకూ మంచిది కాదు.

వచ్చే అక్టోబరులో కత్తెర పెట్టేముందు కొన్ని కొమ్మలు ల్యాబ్‌లో చూపించండి. గుత్తి ఎన్నో కణుపులో ఉందో తెలిశాకే, ఆ కణుపుకు పైన కత్తిరించండి.