సర్వీస్ బాలేకపోతే టిప్పు ఎగ్గొట్టొచ్చా?

ప్రశ్న: మొన్న ఇంట్లోవాళ్లమంతా బయట తినడానికి వెళ్లాం. కూర్చున్న చాలాసేపటికి గానీ మా టేబుల్ వైపు ఎవరూ రాలేదు, వచ్చాక ఒకటి చెప్తే ఇంకోటి తెచ్చారు, అదీ చల్లారిపోయింది. ఇది మేం చెప్పింది కాదు బాబూ అంటే మార్చి తెచ్చాడు గానీ సారీ అన్న ముక్క లేదు. ఒళ్లు మండి టిప్పు పెట్టకుండా లేచొచ్చేశా. మా ఆవిడేమో పాపం అతనేం చేస్తాడు, ఎంతో కొంత పెట్టాల్సింది అంటోంది. ఎవరిది కరెక్టు?

జవాబు: మీకు కోపం రావడం న్యాయమే, కానీ నేను మీ ఆవిడ వైపే. మీరు చెప్పినవాటిలో ఆ అబ్బాయి చేతిలో ఉన్నవి ఎన్నో ఒకసారి చూడండి. ఆలస్యం అంటే చాలాసార్లు కిచెన్‌లో ఆర్డర్లు పేరుకుపోవడమో, నలుగురు చేసే పనికి ఓనరు ఇద్దర్నే పెట్టడమో అయ్యుంటుంది. తప్పు ప్లేటు మార్చి తెచ్చాడు కదా. సారీ చెప్పకపోవడం మాత్రం అతని తప్పే, దానికి టిప్పు తగ్గించండి, కాదనను.

అసలు టిప్పు మానేసి వచ్చేస్తే ఎందుకు మానేశారో అక్కడ ఎవరికీ అర్థం కాదండీ, మర్చిపోయారేమో, చెయ్యి రాని మనిషేమో అనుకుంటారు అంతే. కార్నెల్ యూనివర్సిటీలో మైకేల్ లిన్ అనే ప్రొఫెసర్ టిప్పుల మీదే ఏళ్ల తరబడి రీసెర్చ్ చేశారు, సర్వీస్ ఎలా ఉందన్నదానికీ ఇచ్చే టిప్పుకీ మధ్య సంబంధం చాలా తక్కువని తేలింది. మరి తక్కువ టిప్పు చూసి వెయిటర్ తన తప్పు ఎలా తెలుసుకుంటాడు?

పైగా కొన్నిచోట్ల టిప్పులన్నీ ఒకచోట వేసి పంచుకుంటారు, అప్పుడు మీ కోపం గిన్నెలు కడిగే మనిషి మీద కూడా పడుతుంది. అమెరికాలో అయితే ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులొచ్చే ఉద్యోగికి ఓనరు గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు, 1991 నుంచీ అదే లెక్క. టిప్పులు కలిపినా గంటకి కనీస వేతనం 7.25 డాలర్లు రాకపోతే మిగతాది ఓనరు కట్టాలి, చాలా రాష్ట్రాల్లో ఇంతకంటే ఎక్కువే ఇవ్వాలి, అయినా టిప్పు మీదే ఇల్లు గడిచేవాళ్లు బోలెడుమంది.

అందుకే నోటితో చెప్పండి. అదీ మొదటి రెండు ముద్దల్లోనే, ప్లేటు ఖాళీ అయ్యాక చెప్తే ఎవరూ నమ్మరు. గొంతు పెంచకుండా ఏం బాలేదో, మీకేం కావాలో రెండూ చెప్పండి, "ఇది చల్లారింది, వేడిగా ఇంకోటి తెప్పించండి" అంటే సరిపోతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే మేనేజర్‌ని పిలవండి, బిల్లులోంచి ఆ ఐటెం తీసేసే అధికారం సాధారణంగా ఆయనకే ఉంటుంది. వెయిటర్ మాట తూలినా, పిలిస్తే కావాలని మొహం తిప్పుకున్నా టిప్పు సున్నా పెట్టండి, అందులో తప్పేం లేదు, కాకపోతే ఎందుకో మేనేజర్‌కి చెప్పి మరీ రండి.

ప్రశ్న: బిల్లులో సర్వీస్ ఛార్జ్ వేశాక మళ్లీ కార్డు మెషీన్ టిప్పు ఎంత అని అడుగుతోంది. ఎదురుగా నిలబడి చూస్తుంటే నొక్కకుండా ఉండలేకపోతున్నా.

జవాబు: నొక్కక్కర్లేదు. సర్వీస్ ఛార్జ్ ఉందంటే మీరు ఇచ్చేసినట్టే లెక్క, పైన ఇవ్వడం మీ ఇష్టం. కాకపోతే ఆ ఛార్జ్ పనివాళ్లకి చేరుతోందా అని తప్పకుండా అడగండి. ఇంగ్లండ్‌లో 2024 అక్టోబర్ 1 నుంచి టిప్పులూ, ఓనరు చేతికొచ్చే సర్వీస్ ఛార్జీ మొత్తం పనివాళ్లకే ఇవ్వాలని చట్టం ఉంది, అన్నిచోట్లా అలా లేదు. చేరట్లేదని తెలిస్తే, ఆ మనిషి బాగా చూసుకున్నాడు అనిపిస్తే, నగదు అతని చేతికే ఇవ్వండి. ఇక మెషీన్ చూపించే పర్సెంటేజీలు ఒక్కోసారి పన్నులు కలిపిన మొత్తం మీద ఉంటాయి, మీరే అంకె టైప్ చేసే ఆప్షన్ ఉంటే అదే వాడండి.