సందేహాలు – సమాధానాలు: రాజ్యమా, రాష్ట్రమా, జాతా?

సందేహం: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. 'రాజ్య నిర్మాణంలో కమ్యూనిజం, జాతీయవాదం' అని వ్యాసం రాస్తే, దిద్దినాయన 'రాజ్య' కొట్టేసి 'రాష్ట్ర' అని రాశారట. నేనైతే 'దేశ నిర్మాణం' అంటాను. రాజులు పోయాక రాజ్యమేమిటి? పైగా కమ్యూనిజానికీ జాతీయవాదానికీ పొత్తెక్కడ కుదిరింది?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

సమాధానం: అమ్మాయి రాసిందే నయం. రాజు పోయినా పోలీసు, కోర్టు, పన్ను, జైలు పోలేదు కదా! ఆ మొత్తం సరంజామానే మార్క్సిస్టులు రాజ్యం అంటారు. వర్గాలు పోయాక అదీ మెల్లగా అంతరిస్తుందని ఎంగెల్స్ అన్నాడు. కుర్రతనంలో ఆ ముక్క ఏదో కరపత్రంలో చూసి, కోనసీమలో మా ఇంటి అరుగు మీద కూర్చుని గట్టిగా చదివాను: "రాజ్యం దానంతటదే అంతరించిపోతుంది." లోపల చేటలో బియ్యం ఏరుతున్న మా మేనత్త, పేరు రాజ్యలక్ష్మి, ఊరందరికీ రాజ్యం, "నేనేం చేశాన్రా నీకు, అప్పుడే పొమ్మంటున్నావు?" అంది. ఇప్పటికీ ఆ మాట రాసేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.

'రాష్ట్రం' హిందీ వాసన. వాళ్ళకది నేషను. మనకు 1953లో వచ్చింది ఆంధ్ర రాష్ట్రం, అంటే రాజధాని, సెక్రటేరియట్ ఉండే ముక్క. 'రాష్ట్రపతి' ఒక్కటే ఆ లెక్కకు లొంగదు. దాన్ని అలాగే వదిలేద్దాం.

అసలు చిక్కు నేషన్‌కు మనం వాడే 'జాతి'తో. పుట్టు అనే అర్థమున్న 'జన్' ధాతువు నుంచి వచ్చిందని అందరికీ తెలుసు. నేషన్‌కు మూలమైన లాటిన్ మాటా పుట్టుక నుంచి వచ్చిందే. దానికి మొదట్లో 'గ' ఉండేది, అరిగి ఊడిపోయింది. ఆ లెక్కన నేషన్ మన జాతికి తోబుట్టువు. సంక్రాంతికి భీమవరం వైపు బరి దగ్గర 'జాతి పుంజు' అంటున్నారంటే పుట్టుక చూసే. జాజిపువ్వులోని జాజి కూడా ఈ జాతే. ఛందస్సులో కందం జాతి, సీసం ఉపజాతి. 'జాతీయం' అంటే మా వ్యాకరణం వాళ్ళకు నుడికారం. అమలాపురం మీదుగా పోయే 216 నంబరు జాతీయ రహదారికి అదే మాట నేషనల్.

ఇక గురజాడ దగ్గరికి రండి. 1910 నాటి దేశభక్తి గేయంలో 'దేశమంటే మట్టికాదోయ్' అన్న చరణం అందరికీ నోటికొచ్చు. అక్కడే ఆగిపోతారు, అదీ నా బాధ. ముందుకు వెళితే 'అన్నదమ్ముల వలెను జాతులు మతములన్నీ మెలగవలెనోయ్' అని ఉంది. చూశారా బహువచనం? ఆయనకు దేశం ఒకటే, జాతులు చాలా. నేషన్‌ను జాతి అనడం ఆయన పాటకు పట్టని అర్థం. ఈ రోజుల్లో కల్వర్టుకు రిబ్బను కత్తిరించినా 'జాతికి అంకితం' అని రాస్తున్నారు. ఏ జాతికి బాబూ?

సరిగ్గా మూడేళ్ళకు, 1913లో, బాపట్లలో మొదటి ఆంధ్రమహాసభ జరిగింది. అదే ఏడు స్టాలిన్ జాతి సమస్య మీద వ్యాసం రాశాడు. ఉమ్మడి భాష, ఉమ్మడి నేల, ఉమ్మడి ఆర్థిక జీవితం, సంస్కృతిలో కనబడే ఉమ్మడి మనస్తత్వం: ఈ నాలుగూ చరిత్రలో కుదురుకుంటే జాతి అన్నాడు. అందులో పుట్టుక ఊసే లేదు! పుట్టుక నుంచి వచ్చిన మాటలోంచి పుట్టుకనే తీసేశారన్నమాట. మన కమ్యూనిస్టులకు ఆ కొలత తెలుగువాళ్ళకు అచ్చంగా సరిపోయినట్టు కనబడింది. 1946లో సుందరయ్యగారు వేసిన పుస్తకం పేరే 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం'. తెలుగువాళ్ళంతా ఒక్కటయ్యే విశాలాంధ్ర జాతికి, శ్రామికులు ఏలే ప్రజారాజ్యం వర్గానికి. మీరడిగిన పొత్తు ఆ రెండు మాటల్లోనే ఉంది.

శ్రామికులకు స్వదేశం లేదని 1848లో మార్క్స్, ఎంగెల్స్ రాసిన కమ్యూనిస్టు ప్రణాళిక (మేనిఫెస్టో) అన్నమాట నిజమే. ఆ వెంటనే శ్రామికవర్గం ముందు తానే జాతి కావాలనీ, బూర్జువాల, అంటే పెట్టుబడిదారుల, అర్థంలో కాకపోయినా ఆ మేరకు అదీ జాతీయమేననీ ఉంది. దీన్నీ సగమే చదువుతారు, గురజాడను చదివినట్టే. సోవియట్ యూనియన్ 1922లో జాతుల రిపబ్లిక్కులు కలిపి కట్టినది. విడిపోయే హక్కు కూడా రాజ్యాంగంలో రాసుకున్నారు. హిట్లర్ మీద పడ్డాక ఆ పోరుకు పితృభూమి యుద్ధమని పేరు పెట్టి, 1944లో అప్పటిదాకా జాతీయగీతంగా ఉన్న 'ఇంటర్నేషనల్' అనే శ్రామికుల పాటను పక్కనపెట్టి కొత్త జాతీయగీతం ఎత్తుకున్నారు. 1991లో రాజ్యం పగిలినప్పుడు ఆ రిపబ్లిక్కుల గట్ల వెంబడే పదిహేను ముక్కలైంది.

కాబట్టి అధికార యంత్రాంగం కట్టడమైతే రాజ్య నిర్మాణం, మనుషుల్ని 'మనం' అనిపించడమైతే జాతి నిర్మాణం అనుకోండి. మీ 'దేశ నిర్మాణం' ఉపన్యాసానికి బాగుంటుంది, పరీక్ష పేపరుకు కాస్త వదులు. అయితే వియత్నాం లాంటి చోట రెండూ ఒకే చేత్తో జరిగాయి. అక్కడ ఏ మాట వాడాలో నన్నడిగితే నేనూ కొంచెం నసుగుతాను. మార్కులు కోసేంత తప్పు మాత్రం అమ్మాయిది కాదు.