నొప్పులు మొదలైతే ఎనాక్సాపారిన్ సూది వేసుకోవచ్చా?

పులివెందుల దగ్గర పల్లె, తొమ్మిదో నెల, రోజూ రాత్రి 40 ఎంజీ ఎనాక్సాపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసే సూది), కాన్పుకు కడప పోవాలి. ఇదీ మీ పరిస్థితి.

నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా తర్వాతి సూది వేసుకోకుండా బయలుదేరండి. చివరి సూది ఎన్ని గంటలకు వేశారో ఫైలు మీద రాసిపెట్టండి, మత్తు డాక్టరుకు ముందు కావాల్సింది అదే. 40 ఎంజీకి 12 గంటలు, పూర్తి చికిత్స మోతాదుకు 24 గంటలు గడిస్తేగాని మామూలుగా వెన్నులో మత్తు సూది ఇవ్వరు. తొందరపడితే వెన్నులో రక్తం కారి, గడ్డకట్టి, నరాలు నొక్కుకుపోయి కాళ్లు పడిపోవచ్చు. ఆగే వీల్లేకుంటే పూర్తి మత్తిచ్చి సిజేరియన్ చేస్తారు. బిడ్డకు భయం లేదు, ఈ మందు మాయ దాటదు.

కాన్పయ్యాక రక్తస్రావం చూసి డాక్టరే మళ్లీ మొదలుపెడతారు, చాలామందికి 6 వారాలు. పుట్టింటికి వెళ్లి మానేసేది ఇక్కడే, రక్తం గడ్డల ముప్పు ఎక్కువుండేదీ అప్పుడే.

అన్నట్టు, మందు నింపి వచ్చే సిరంజిలోని గాలి బుడగ తీయకండి. సూది వేశాక రుద్దితే కములుతుంది.