ఈఈజీ నార్మల్ అంటే కోలుకున్నట్టేనా?

ప్రశ్న: నాలుగు నెలల కిందట మా తమ్ముడు బండి మీద నుంచి పడ్డాడు. తలకు ఆపరేషన్ చేసి, కుడివైపు పుర్రె ఎముక తీసి, ఈమధ్యే తిరిగి పెట్టారు. ఈఈజీ నార్మల్ అన్నారు. కానీ చెప్పిన మాట అందుకోవడానికి టైం పడుతోంది, చిల్లర లెక్క తప్పుతున్నాడు. ఇప్పుడు పీ300 పరీక్ష రాశారు. అందులో ఏం తెలుస్తుంది?
— ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఈఈజీ అంటే తలకు ఎలక్ట్రోడ్లనే చిన్న బిళ్లలు అంటించి మెదడు విద్యుత్ అలల్ని గీతలుగా చూపే పరీక్ష. మామూలు ఈఈజీ ముఖ్యంగా ఫిట్స్ జాడ కోసం, మెదడులో ఎక్కడైనా అలలు మందగించాయేమోనని చూడ్డానికి తీస్తారు. కళ్లు మూసుకున్నప్పుడు తల వెనక సెకనుకు 8 నుంచి 13 సార్లు ఆడే ఆల్ఫా అల సరిగ్గా ఉంటే నార్మల్ అనే రాస్తారు. ధ్యాస నిలవకపోవడం అందులో పడకపోవచ్చు.

పీ300లో మెదడుకి పని పెడతారు. హెడ్‌ఫోన్‌లో నూటికి 80 సార్లు ఒకే శబ్దం, మధ్యమధ్య 20 సార్లు కాస్త హెచ్చు శ్రుతిలో ఇంకోటి. ఆ రెండోది వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కాలి. దాన్ని మెదడు గుర్తుపడితే, ఆ శబ్దం మొదలైన 300 మిల్లీసెకన్ల ప్రాంతంలో నడినెత్తికి కాస్త వెనగ్గా ఓ అల లేస్తుంది. ఒక్కసారికి అది మిగతా అలల్లో కలిసిపోతుంది కాబట్టి 30, 40 సార్లు తీసి సగటు కడతారు. దెబ్బ తిన్న మెదడులో ఈ అల ఆలస్యంగా, పొట్టిగా వస్తుంటుంది. మనిషికీ మనిషికీ తేడా చాలా ఉంటుంది గనక, మీ తమ్ముడి ఇవాళ్టి రిపోర్టును మూడు నెలల తర్వాత తనదానితోనే పోల్చాలి.

ఆ పోలిక చెడేది చిన్న విషయాల్లోనే. తలకు నూనె ఉంటే ఎలక్ట్రోడ్ పట్టదు. ముందురోజు షాంపూతో తలంటి, ఆపైన ఏదీ రాయకండి. టెక్నీషియన్ ఒక్కో ఎలక్ట్రోడ్ ఇంపెడెన్స్ (చర్మం దగ్గర కరెంటుకి తగిలే అడ్డు) 5 కిలోఓమ్‌ల లోపు ఉందో లేదో చూడాలి. నిద్రమత్తులో అల ఆలస్యమవుతుంది, కాబట్టి రెండుసార్లూ ఒకే వేళకు తీయించండి. ఫిట్స్ మందులూ దీన్ని మారుస్తాయి; ఆపకండి, పేరూ డోసూ రిపోర్టు మీద రాయించండి. తలకు దెబ్బ తగిలినవాళ్లకు వినికిడి తగ్గడం మామూలే. శబ్దమే వినపడకపోతే అల ఎక్కడిది? ముందు చెవి పరీక్ష చేయించండి. ఇక ఎముక కోసినచోట అలలు పెద్దవిగా కనపడతాయి, దాన్ని బ్రీచ్ రిథమ్ అంటారు. ఎముక పెట్టకముందు తీసిన రిపోర్టు ఉంటే, ఇప్పటిదానితో నేరుగా పోల్చకండి.

దీనికి తోడు జ్ఞాపకం, ధ్యాస, లెక్క లాంటివి ప్రశ్నలతో చూసే 30 మార్కుల మోకా పరీక్ష తెలుగులో చేయించండి. నెలనెలా అదే కాగితం పెడితే జవాబులు గుర్తుండిపోయి మార్కులు ఉత్తపుణ్యానికి పెరుగుతాయి. ఇంట్లో మీరూ చూడొచ్చు: రాసివ్వకుండా నాలుగు సరుకులు చెప్పి, 200 రూపాయలిచ్చి, ఎవరినైనా తోడిచ్చి కొట్టుకి పంపండి. ఏవి తెచ్చాడు, చిల్లర ఎంత అన్నది తేదీతో రాసిపెట్టి డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: ఫోన్‌కి కలిసే ఈఈజీ హెడ్‌బ్యాండ్ కొని ఇంట్లోనే చూసుకోవచ్చా?

జవాబు: వద్దు. వాటిలో చాలావరకు నుదుటి దగ్గరి ఎలక్ట్రోడ్లే. రెప్ప వేసినా, పళ్లు బిగించినా మెదడు అలల కంటే పెద్ద గీత పడుతుంది. యాప్ దాన్నే ‘ఏకాగ్రత’ అని చూపించినా చూపిస్తుంది.