ఇంటి దగ్గర చదువుకునే పిల్లలకు తోటపని నేర్పడం గురించి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లలిద్దరినీ ఇంటి దగ్గరే చదివించుకుంటున్నామనీ, ఈ తొలకరి నుంచి తోటపనిని కూడా వాళ్ల చదువులో చేర్చాలని ఉందనీ, కానీ నీకు గానీ అల్లుడుగారికి గానీ మట్టిలో చెయ్యి పెట్టిన అలవాటు లేదనీ రాసిన ఉత్తరం అందింది. ఉద్యానశాఖలో ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి నాకు తెలిసినంత వరకు వివరంగానే రాస్తున్నాను.

నీకు పని రాదని దిగులు పెట్టుకోకు. ఇంట్లో చదువుకునే పిల్లలకు పుస్తకాలు ఎన్నయినా కొనిపెట్టవచ్చు గానీ, తమ ఇంటివారు కానివారితో, తమ ఈడు కానివారితో కలిసి పని చేసే అవకాశాన్ని మాత్రం పెద్దవాళ్లే వెతికి తేవాలి. ఆ అవకాశం తోటపనిలో ఉన్నంతగా మరెందులోనూ లేదని నా నమ్మకం. అందువల్ల నీవే గురువువు కావాలని తాపత్రయపడకుండా, పని తెలిసినవారి గుమ్మం దగ్గరికి పిల్లలను మర్యాదగా తీసుకువెళ్లడం నీ వంతుగా పెట్టుకో.

మొదట మీ వీధిలోనే చూడు. రాజమహేంద్రవరంలో ఎంత ఇరుకు వీధిలోనైనా పందిరి వేసి బీరో, సొరో, చిక్కుడో పాకించిన ఇల్లు ఒకటి ఉంటుంది. ఆ ఇంటి మామ్మగారిని ‘పిల్లలకు పాఠం చెప్పండి’ అని అడిగితే తనకేం తెలుసునని వెనక్కి తగ్గుతుంది. ‘కలుపు తీయడానికో, నీళ్లు పోయడానికో మా పిల్లలు సాయం వస్తారు, రమ్మంటారా’ అని అడిగితే కాదనదు, పని సాగుతుండగా తన అనుభవమంతా తానే చెప్పుకుపోతుంది.

ఆ పందిరి కింద నేర్వవలసినది చాలా ఉంది. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి, పొద్దు వాలే వేళకు పిల్లలను అక్కడికి పంపు. మగపువ్వులు గుత్తులుగా వస్తాయి. ఆడపువ్వు ఒంటిగా, అడుగున వేలెడంత పిందెతో సహా వస్తుంది. అప్పుడే విచ్చిన మగపువ్వును తుంచి, రేకులు వెనక్కి మడిచి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా అద్దమని చెప్పి, అలా అద్దిన పువ్వు కాడకు రంగుదారం వదులుగా కట్టించు. మరికొన్ని ఆడపువ్వులను ముట్టకుండా వదిలేయాలి. వారం తరువాత దారం కట్టినవాటిలో ఎన్ని పిందెలు నిలిచాయో, వదిలేసినవాటిలో ఎన్ని పసుపుబారి రాలిపోయాయో వాళ్లే లెక్కపెట్టి రాసుకుంటే, పరాగసంపర్కం గురించి నీవు వేరే చెప్పవలసినది పెద్దగా ఉండదు. పుప్పొడి మోసే పురుగులు తగ్గిన చోట పూత బాగానే ఉన్నా కాపు ఎందుకు తగ్గుతుందో కూడా వాళ్లకు తెలిసివస్తుంది.

మీ పెరట్లో మాత్రం మొదటి ఏడాది ఆశ తగ్గించుకో. మూడు అడుగుల వెడల్పుతో రెండు మడులు చాలు, పిల్లల చేయి ఇరువైపుల నుంచీ మధ్యకు అందుతుంది. మెంతి మూడు నాలుగు రోజుల్లో మొలుస్తుంది, తోటకూర నెల తిరిగేసరికి కోతకు వస్తుంది. చిన్నపిల్లల ఓపికకు అవి సరిపోతాయి. బెండ గింజలను రాత్రి నానబెట్టి నాటితే ఏడు వారాలకు కాయలు మొదలవుతాయి, ఆపై రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోతాయి కాబట్టి పెద్దవాడికి ఆ బాధ్యత అప్పగించు. నాటు చిక్కుడు ఒక పాదు తప్పకుండా పెట్టించు. ఆషాఢంలో వేసినా పగటి పొద్దు కుదించుకుపోయే దాకా అది పూతకు రాదు. ఎందుకు రాలేదని పిల్లలు అడిగే రోజు కోసం నీవు ఓపికగా ఎదురుచూడాలి, ముందే చెప్పేయకూడదు.

విత్తే ముందే మట్టి పరీక్ష చేయించు. మీకు దగ్గరలో కలవచర్లలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడి శాస్త్రవేత్తలతో పిల్లలనే మాట్లాడనివ్వు. పైన చెత్త తొలగించి, ‘వి’ ఆకారంలో ఆరు అంగుళాల లోతు గుంట తీసి, దాని గోడ వెంట మట్టి గీకాలి. అలా ఎనిమిది పది చోట్ల తీసినది గుడ్డ మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండూ తీసేస్తూ అరకిలో మిగిలేవరకు తగ్గించాలి. పెంటకుప్ప దగ్గర, చెట్టు కింద తీయవద్దు. భిన్నాలు నేర్చుకుంటున్న పిల్లకు ఇంతకు మించిన అభ్యాసం దొరకదు.

మొక్కలకు ఎరువుగా పోసే జీవామృతం తయారీని ప్రకృతి వ్యవసాయం చేసే మహిళా సంఘాలవారి దగ్గర చూపించు. ఎకరానికి 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి నీడలో 48 గంటలు పులియబెడతారు. మీ మడులకు పదో వంతు కూడా ఎక్కువే, ఎంత కావాలో పిల్లలనే లెక్క కట్టమను. పేనుబంక కనబడగానే మందు కోసం పరుగెత్తకుండా నాలుగు రోజులు ఆగితే, దాన్ని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయేమో చూడవచ్చు. ఎవరి పొలంలోనైనా రసాయన మందు కొడుతుంటే మాత్రం మొహమాటపడకుండా పిల్లలను వెంటనే ఇంటికి తీసుకురా.

వానలు కుదురుకున్నాక కడియపులంక నర్సరీలకు తీసుకువెళ్లు. పని తెరిపిగా ఉండే వేళ ఎప్పుడో యజమానిని అడిగి వెళ్లాలి. మొక్క తల కోసి, నడిమికి చీల్చి, చెక్కిన కొమ్మను అందులో దించి, గాలి చొరకుండా పాలిథీన్ పట్టీ చుట్టే అంటు పనివారి చేతివాటాన్ని నిలబడి చూడనివ్వు. కత్తి పిల్లలకు ఇవ్వవద్దు, వాళ్లు ఒప్పుకుంటే పట్టీ చుట్టడం నేర్పించుకోవచ్చు. ఆ పనివారికి మనం ఇచ్చే గౌరవం పిల్లల కళ్ల ముందు కనబడాలి. ‘గారు’ అని పిలవడం అలవాటు చేయి, వాళ్ల పూట కూలికి నష్టం కలిగేంత సేపు ఆపవలసివస్తే ఆ సొమ్ము ఇచ్చి రా.

కార్తెల సంగతి మరిచిపోకు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశిస్తుంది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి 13, 14 రోజులు. ఏ కార్తెలో ఏ గింజ వేస్తారని రైతుబజారులో కూరగాయలు అమ్మే రైతులను పిల్లలు అడిగి రాసుకోవాలి. ఆ పుస్తకంలో వాన పడిన రోజులు కూడా ఎక్కించమను.

బడికి ఎందుకు పంపడం లేదని కొందరు నిలదీస్తారు. వాదన పెట్టుకోకు. పిల్లల తోట పుస్తకం చూపించు, ఆదివారాలు వాళ్ల పిల్లలను కూడా మడి దగ్గరికి రమ్మను. మొదటి కోతలో కొంత మామ్మగారికి పిల్లల చేతులతోనే పంపు. ఒక బెండకాయను మొక్క మీదే, ఒక బీరకాయను తీగ మీదే ఎండనిచ్చి, గింజలకు బూడిద పట్టించి దాచి, ఎవరి దగ్గర విత్తనం తీసుకున్నారో వారికి అంతకు రెట్టింపు తిరిగి ఇవ్వాలి. అందుకే సంకరజాతి కాకుండా నాటు విత్తనమే అడిగి తెచ్చుకో.

మట్టి పరీక్ష ఫలితం రాగానే దాని నకలు నాకు పంపు. పెంటఎరువు ఎంత వేయాలో, ఏ మడిలో ఏది వేయాలో చూసి రాస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ